పెద్దగా పేరు లేని ఊళ్ల ఫ్రెంచ్ రెడ్ వైన్లు దాచుకుంటే బాగుపడతాయా?

తులూజ్_గోదారి
నాలుగేళ్లుగా తులూజ్‌లో ఉంటున్నా. మొన్న అక్టోబర్‌లో కాఓర్ వైపు వెళ్లాం, ఇక్కణ్ణించి కారులో గంటా పావు. లోట్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, ద్రాక్షతోట పెద్దాయన మాతో కాసేపు మాట్లాడి, ఏమనుకున్నాడో ఏమో, లోపలి చీకటి గదిలోంచి లేబుల్ కూడా లేని సీసా తెచ్చి తీశాడు. 2005 పంట అన్నాడు. గ్లాసు వంచి చూస్తే అంచు ఇటుక రంగు, మధ్యలో ఎండిన నేరేడు పండు రంగు. వాసన చూస్తే చెప్పులు కుట్టే చోట కొత్త తోలు, వాన వెలిసిన తోటలో మట్టి, వెనకాల ఎండు ద్రాక్ష. నోట్లో పట్టులాగా జారిపోయింది. ఇప్పటిదాకా నేను తాగిన వైన్లన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు.

ఆ ఊపులో ఆయన దగ్గరే 2018 పన్నెండు సీసాలు కొన్నా, ఒక్కోటి 11 యూరోలు. ఇంటికొచ్చి ఒకటి తీస్తే పచ్చి కరక్కాయ కొరికినట్టుంది. ఒకటే వగరు, నాలుక బిగుసుకుపోయింది. మా ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపేసింది. ఆఫీసులో ఒకాయనని అడిగితే, దాచుకోడానికి పనికొచ్చేవి బోర్డోలో పేరున్న షాతోలవే, అంటే పెద్ద ద్రాక్షతోటల వైన్లే, 11 యూరోల వైన్ ఎన్నేళ్లు ఉంచినా 11 యూరోల వైనే అంటాడు. మరి ఆ 2005 సంగతేంటి? మిగతా పదకొండు ఎన్నాళ్లు ఉంచాలి? మాది మూడో అంతస్తు, ఏసీ లేదు, ఎండాకాలం ఇంట్లో 32 దాటుతుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_రెడ్
మీ ఆఫీసాయన మాట పట్టించుకోకండి. 11 యూరోలు ఆ ఊరి నేల ధర, పక్కనే పేరున్న ఊరు లేకపోవడం వల్ల వచ్చిన ధర. లోపలున్న సరుకుకి దాంతో సంబంధం లేదు.

నూజెర్సీ_నెల్లూరు
పచ్చి కరక్కాయ, భలే చెప్పారు. ఇంగ్లీషు వాళ్లు టానిన్ అంటే ఏంటో చెప్పడానికి పేరాలు పేరాలు రాస్తారు, మనకి వగరు అన్న ఒక్క మాట చాలు.

లియోన్_లక్ష్మి
ఆ పెద్దాయన మీకు ఆశపెట్టి అమ్మాడని అనుకోకండి, ఆయన చూపించింది నిజమే. కాఓర్‌లో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలని రూలు, అక్కడివాళ్లు దాన్ని కో అంటారు. తొక్క మందం, రంగు ఎక్కువ, వగరూ ఎక్కువ. పాతరోజుల్లో నల్ల వైన్ అని పేరు దానికి. మిగతాది మెర్లో, తానా. ఆ రంగు పదార్థమూ టానినూ ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గొలుసులవుతాయి, బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. దిగేకొద్దీ వగరు మెత్తబడుతుంది, రంగు నీలం పోయి ఇటుక వైపు తిరుగుతుంది. మీరు 2005లో చూసిన అంచు అదే.

ఒక్కటి కనుక్కోండి, తోట ఎక్కడుంది? నది పక్క మెట్ల నేలల్లోదైతే ఐదారేళ్లకే మెత్తబడుతుంది. పైన సున్నపురాయి పీఠభూమి ఉంది, కోస్ అంటారు, అక్కడిదైతే బిగువెక్కువ, పదీ పదిహేనేళ్లు హాయిగా నిలుస్తుంది.

తులూజ్_గోదారి
లక్ష్మి గారూ, ఊరు నది ఒడ్డునే గానీ, తోటకి పైకి వంకర్లు తిరిగిన రోడ్డెక్కి వెళ్లాం, తెల్లటి రాళ్ల నేల. అంటే కోస్ అనే అనుకుంటా.

లియోన్_లక్ష్మి
అయితే మీ పదకొండు సీసాలకీ భవిష్యత్తు ఉంది. తొందరపడి తీయకండి.

డాలస్_మామ
ఆవకాయ లెక్కే కదా ఇది. మూడో రోజు తింటే కారం ఒక పక్క, పులుపు ఒక పక్క, ఉప్పు ఒక పక్క. మూడు నెలలు ఊరితే అన్నీ కలిసి ఒక రుచి.

కడప_కారం
మామా, ఆ పోలిక సగమే కరెక్టు. ఆవకాయని కాపాడేది ఉప్పూ నూనే. వైన్‌ని కాపాడేది పులుపూ వగరూ. ఈ రెండూ లేని వైన్‌ని అటక మీద పెడితే ఊరదు, పాడవుతుంది. సూపర్‌మార్కెట్‌లో నాలుగు యూరోలకి దొరికే మెత్తటి వైన్లు అలాంటివే, కొన్న ఏడాదిలోనే తాగెయ్యాలి. చౌక వైన్లన్నీ దాచుకోండి అని ఎవరైనా ఇక్కడ చదివి అర్థం చేసుకుంటారేమోనని చెప్తున్నా.

డాలస్_మామ
ఒప్పుకున్నా. పప్పునూనె పోస్తే వైన్ నిలవదు.

హైదరాబాద్_హరి
నా గతి వినండి. 2019లో ఫ్రాన్స్ ట్రిప్ నుంచి రెండు జిగోందాస్ సీసాలు (దక్షిణాన రోన్ నది వైపు ఊరి రెడ్ వైన్) తెచ్చా, మణికొండ ఫ్లాట్‌లో వంటింటి అటక మీద పెట్టా. మా అబ్బాయి పదో తరగతి అయ్యాక తీద్దామని. రెండు వేసవులు గడిచాక దించి చూస్తే పైన రేకు జిగటగా ఉంది, కార్కు మూతికన్నా రెండు మిల్లీమీటర్లు పైకొచ్చేసింది. తీస్తే ఉడికించిన జామ్ వాసన, వెనకాల సోయా సాస్. రెండోది కూడా అంతే. ఏప్రిల్లో ఆ అటక మీద చెయ్యి పెడితే కాలేది, ఆ ముక్క ముందు ఎందుకు తట్టలేదో అని ఇప్పటికీ బాధే.

కడప_కారం
అయ్యో హరీ. జిగోందాస్ మనసు పెట్టి కొనుక్కునే వైన్.

బోన్_బాలు
తులూజ్ గారూ, హరి గారి పోస్టు రెండుసార్లు చదవండి. వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీలు కావాలి. అంతకన్నా ముఖ్యం, అది రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండకూడదు. వేడికి వైన్ వ్యాకోచించి కార్కుని తోస్తుంది, చల్లబడితే లోపలికి గాలి పీలుస్తుంది, ఆ గాలే చంపేది. 18 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే త్వరగా ముదురుతుందే తప్ప పాడవదు. 32 అంటే మాత్రం కుదరదు.

మీ బిల్డింగ్‌లో కింద కావ్ ఉందేమో అడగండి. ఫ్రాన్స్‌లో పాత అపార్ట్‌మెంట్లకి చాలావాటికి నేలమాళిగలో ఇంటికో చిన్న గది ఉంటుంది, జనం అందులో పాత సైకిళ్లు పడేసుకుంటారు. బాయిలర్ గదికి దూరంగా ఉంటే చాలు. సీసాలు పడుకోబెట్టండి, కార్కు తడిగా ఉండాలి.

తులూజ్_గోదారి
ఉంది! 14వ నంబరు గది. తాళం ఎక్కడుందో వెతకాలి. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా దిగలేదు.

పాలకొల్లు_పద్మ
తాళం దొరికితే చెప్పండి, మేమంతా టెన్షన్‌తో ఎదురుచూస్తాం.

ఓరుగల్లు_రెడ్
అసలు టాపిక్‌కి వస్తే, కొనేటప్పుడు నా పద్ధతి పేరున్న ఊరి పక్క ఊరు చూడ్డం. దక్షిణ రోన్‌ చూడండి. అక్కడ మెట్లున్నాయి: కింద మామూలు కోత్ దు రోన్, పైన కోత్ దు రోన్ విలాజ్, ఆపైన ఊరి పేరు చేర్చుకున్న విలాజ్, అన్నిటికన్నా పైన సొంత పేరుతో నిలబడే క్రూలు. జిగోందాస్ 1971లో పై మెట్టెక్కింది, వకేరాస్ 1990లో, వేన్‌సోబ్ర్ 2006లో, రాస్తో రెడ్ 2010లో, కెరాన్ 2016లో. ఇవన్నీ అంతకుముందు పక్క ఊళ్లే. నేల అదే, గ్రెనాష్ ద్రాక్ష చెట్లు అవే, లేబుల్ మారాక ధర మారింది. ఇంకా పై మెట్టెక్కనివాటిలో సాబ్లే, సెగురే, విజాన్ ఉన్నాయి. సెగురే నించి చూస్తే జిగోందాస్ వెనకాల ఉన్న దాంతెల్ కొండలే కనిపిస్తాయి. 10, 12 యూరోలకి దొరికే సెగురే 2016 పోయినేడు తీశా, ఎండు తులసి, మిరియం, ఎండిన అంజీర్.

నూజెర్సీ_నెల్లూరు
సెగురే విషయంలో సరే గానీ, రోన్ విలాజ్‌లన్నీ దాచమంటే ఒప్పుకోను. గ్రెనాష్‌కి పులుపు తక్కువ, ఆల్కహాల్ 14.5, 15 ఉంటుంది. పండు రుచి ఉన్నన్నాళ్లే బాగుంటుంది, పోయాక మిగిలేది ఘాటు ఒక్కటే. నా దగ్గర ఆరు రాస్తోలు ఉండేవి, ఎనిమిదేళ్లకి తీస్తే నాలుగింటిలో పండు చచ్చిపోయింది. ఐదేళ్ల లోపు తాగెయ్యాల్సింది. సిరా, మూర్వేద్ర్ ద్రాక్షలు బాగా కలిపినవైతే వేరు.

ఓరుగల్లు_రెడ్
ఎనిమిదేళ్లు ఎక్కడ ఉంచారు?

నూజెర్సీ_నెల్లూరు
బేస్‌మెంట్‌లోనే బాసూ, చలికాలం 11, ఎండాకాలం 19. దాచడంలో లోపం లేదు.

ఓరుగల్లు_రెడ్
అయితే మీ రాస్తో, నా సెగురే, రెండూ నిజమే. ఏడాదిని బట్టి కూడా ఉంటుంది, 2016 దక్షిణ రోన్‌లో చాలా గొప్ప పంట, పండూ ఉంది పులుపూ ఉంది. సెప్టెంబర్ 2002లో అక్కడ వరదలొచ్చాయి, ఆ ఏడాదివి ఎవరూ దాచుకోలేదు.

బోన్_బాలు
బర్గండీలో పక్క ఊరి సూత్రం ఇంకా బాగా పనిచేస్తుంది. జెవ్రే-షాంబెర్తాన్ అనే లేబుల్ ఉంటే ఇప్పుడు 50 యూరోల లోపు దొరకడం కష్టం. దానికి ఆనుకునే ఉత్తరాన ఉంది ఫిస్సాన్. ఎక్స్ అక్షరం ఉన్నా ఎస్ లాగే పలకాలి, షాపులో ఫిక్సిన్ అంటే నవ్వుతారు. దాని పైన మార్సనే, దాదాపు దిజోన్ ఊరి శివారు, 1987లోనే సొంత పేరొచ్చింది. దక్షిణాన కోత్ ద బోన్ చిట్టచివర సాంతనే, అదీ దాటితే మరాంజ్. అంతా పినో నువార్ ద్రాక్షే.

నేను ఎక్కువ కొనేది మరాంజ్. చిన్నప్పుడు మొరటుగా ఉంటుంది, పల్లెటూరి కుర్రాడిలా, మాట్లాడ్డం రాదు. ఇరవై యూరోలకి కొన్న 2010 మరాంజ్ ప్రెమియే క్రూ (ఆ ఊళ్లో మేలైన తోటలకిచ్చే హోదా) పన్నెండో ఏట తీశాను. చెర్రీ ఇంకా ఉంది, పక్కన తడి ఆకులు, పుట్టగొడుగులు. మా ఇంటికొచ్చిన ఫ్రెంచ్ మిత్రుడు లేబుల్ చూడకుండా, పేరున్న ఊరు వోల్నేది అన్నాడు. వోల్నే ధరలో సగం కూడా కాదది.

కడప_కారం
బాలు గారూ, ప్రెమియే క్రూ అన్నది పల్లెటూరి కుర్రాడికి పట్నం షర్టు.

బోన్_బాలు
షర్టు బాగానే కుదిరింది మరి!

లియోన్_లక్ష్మి
బోజోలేని ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంది. మా ఇంటి నుంచి 45 నిమిషాలు. బోజోలే అనగానే జనానికి నవంబర్ మూడో గురువారం వచ్చే నూవో, అంటే ఆ ఏటి కొత్త వైన్ గుర్తొస్తుంది, అరటిపండు వాసన, డిసెంబర్ కల్లా అయిపోవాలి. కానీ ఉత్తరాన గ్రానైట్ కొండల మీద పది క్రూలున్నాయి. వాటిలో మోర్గోన్, ములాన్-ఆ-వాన్, షెనా, జూలియెనా, ఈ నాలుగూ దాచుకోదగ్గవి. ములాన్-ఆ-వాన్ నేలలో మాంగనీసు ఉంది, చెట్టు తక్కువ కాస్తుంది, గుత్తులు చిన్నవి, వైన్ చిక్కన. పదేళ్లు దాటితే అక్కడి గమే ద్రాక్ష వాసనే మారి పినో నువార్ అనిపిస్తుంది. దానికి ఇక్కడ ఒక క్రియాపదమే ఉంది, పినోతే అంటారు, పినో అయిపోతోంది అని. మోర్గోన్‌కి కూడా అలాగే ఉంది, మోర్గోనే.

1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ గమే తీగలు పీకెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు, అది ద్రోహి మొక్క అని. కాపు ఎక్కువ, నాణ్యత లేదు అని ఆయన వాదన. మంచి నేలలన్నిటి నుంచీ పీకేశాక దానికి నిలువ నీడ దొరికింది దక్షిణాన ఉన్న ఈ గ్రానైట్ మీదే. అక్కడే అది బాగా పండింది. అందుకే ఇప్పటికీ 15 యూరోలకి కోత్ దు పీ కొండ మీది మోర్గోన్ దొరుకుతోంది. ఆరొందలేళ్ల కిందటి అవమానం మన జేబుకి లాభం, దాని మీద నాకు మాత్రం కోపమే.

పాలకొల్లు_పద్మ
గమే పక్షాన అక్క కోర్టులో నిలబడేట్టుంది. నేను సాక్షిని. పోయిన సంక్రాంతికి నాటుకోడి పులుసుతో ఆ పది క్రూల్లో ఒకటైన ఫ్లూరీ తాగాం, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా. కారం ఎక్కువైనా నోరు మండలేదు. అంతకు ముందేడు అదే పులుసుతో మదిరాన్ తీస్తే నోట్లో నిప్పు పెట్టినట్టయింది.

కడప_కారం
పద్మా, దానికి కారణం ఉంది. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ మిరప మంటని పెంచుతుంది, వగరు దానికి తోడు. మదిరాన్‌లో ఉండేది తానా ద్రాక్ష, పేరులోనే టానిన్ ఉందా అన్నంత వగరు. అది బాతు కొవ్వు తినే నైరుతి ఫ్రాన్స్ గాస్కోనీ వాళ్ల కోసం పుట్టిన వైన్. మన కారం కూరలకి తక్కువ వగరు, మంచి పులుపు ఉన్నవి కావాలి, గమే, లేదా లువార్ నది వైపు షినోన్, సాన్-నికొలా-ద-బూర్గయ్. గోంగూర మాంసానికి షినోనే నా ఓటు, పులుపుకి పులుపు సరిపోతుంది.

నూజెర్సీ_నెల్లూరు
షినోన్‌లో పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది, నాకు పడదు.

కడప_కారం
షినోన్‌కి వాడే కాబెర్నే ఫ్రాన్ ద్రాక్ష సరిగ్గా పండకపోతే ఆ వాసన. 2018, 2020 లాంటి ఎండ బాగా కాసిన ఏళ్లవి చూడండి. ఐదారేళ్లకి పెన్సిల్ చెక్కిన వాసనొస్తుంది.

తులూజ్_గోదారి
తాళం దొరికింది! కావ్‌లో థర్మామీటర్ పెట్టి వారం చూశా, 14 నుంచి 15. గోడలు చెమ్మగా ఉన్నాయి, లేబుళ్లు పాడవుతాయా?

బోన్_బాలు
లేబుల్ బూజు పడితే పడనివ్వండి. చెమ్మ కార్కుకి మేలు. లేబుల్ మీద ప్రేముంటే పల్చటి ప్లాస్టిక్ చుట్టండి.

హైదరాబాద్_హరి
మీ కావ్ చూస్తే కుళ్లుగా ఉంది తమ్ముడూ. ఇక్కడ ఆ దారి లేదు కాబట్టి నేను పన్నెండు సీసాల వైన్ ఫ్రిజ్ కొన్నా. మామూలు ఫ్రిజ్‌లో ఏళ్లు ఉంచొద్దని తెలిసింది, మరీ చలి, గాలి పొడి, కార్కు ఎండిపోతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అయితే ఇక్కడ కొనడమే కష్టం, సుంకాలన్నీ కలిసి వకేరాస్ ఒక సీసాకి 5,500 కట్టాను. అందుకే ఎవరొస్తున్నా రెండు తెమ్మంటా. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా రానిస్తారు, అంటే 75 సెంటీలీటర్ల సీసాలు రెండు. మూడోది పెడితే లెక్క దాటుతుంది.

డాలస్_మామ
హరీ, లుంగీలో చుట్టి పెట్టె మధ్యలో పెట్టమను. నేను ఇరవై ఏళ్లుగా అలాగే తెస్తున్నా, ఒక్కటీ పగల్లేదు.

విశాఖ_వాసు
అందరూ దాచడం దాచడం అంటున్నారు, నేను ఒక్క మాట చెప్తా. పెద్దపెద్ద ఆశలతో దాచిన వైన్లలో సగానికి సగం నేను ఆలస్యంగా తీశా. పాత వైన్ వాసన అందరికీ నచ్చదు కూడా, మా చెల్లెలు పుట్టగొడుగుల వాసన అంటే పారిపోతుంది. మార్సియాక్ అని అవెరోన్‌లో ఎర్రమట్టి నేలల వైన్ ఉంది, మాన్సువా అనే ద్రాక్ష. తులూజ్ పక్కనే ఫ్రోన్తోన్ ఉంది, నెగ్రెత్ ద్రాక్ష, వయొలెట్ పువ్వుల వాసన. ఈ రెండూ తొమ్మిది పది యూరోలు, మూడేళ్ల లోపు తాగితేనే అందం. మన ఊళ్లో తాటి ముంజెలు ముదిరాక తింటామా? లేతగా ఉన్నప్పుడే తింటాం. కొన్ని వైన్లంతే.

లియోన్_లక్ష్మి
వాసు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. మార్సియాక్ ముదరనివ్వడం పాపం.

తులూజ్_గోదారి
ఫ్రోన్తోన్ మాకు అరగంట దూరం, ఇన్నాళ్లూ వెళ్లలేదు. ఈ శనివారం వెళ్తా. మరి కాఓర్ పదకొండూ ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుంది?

బోన్_బాలు
తీస్తేనే తెలుస్తుంది, ఇంకో దారి లేదు. అందుకే ఒకే వైన్ ఆరో పన్నెండో కొనాలి, మీరు మంచి పనే చేశారు. రెండేళ్లు ముట్టుకోకండి. తర్వాత ఏడాదికొకటి తీసి, తేదీ వేసి నాలుగు ముక్కలు రాసుకోండి: వగరు ఎంత, పండు రుచి ఎంత, అంచు రంగు. మధ్యలో ఒక ఏడాది వాసనే లేకుండా ముడుచుకుపోయి ఉంటుంది, చచ్చిందనుకుని మిగతావి వంటలో పొయ్యకండి, మళ్లీ తెరుచుకుంటుంది. వగరు మెత్తబడి, పండు ఇంకా ఉన్న ఏడాది రాగానే వేగం పెంచండి.

ముదిరిన సీసా తీసేముందు ఒక రోజంతా నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. సీసా మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి, ఇంకో పాత్రలోకి ఆపకుండా సన్నగా వంచండి. నల్లటి పోగు మెడ దాకా రాగానే ఆపెయ్యాలి. ఒక అర గ్లాసు పోతుంది, పోనివ్వండి.

నూజెర్సీ_నెల్లూరు
ఇరవై ఏళ్లు దాటినదైతే వంచాక ఎక్కువసేపు ఉంచొద్దు. నేను ఒక 1998 ఫ్రోన్సాక్ (బోర్డో వైపుది) మూడు గంటలు ముందే వంచి పెట్టా, చుట్టాలొచ్చేసరికి వాసనంతా పోయింది. మొదటి గ్లాసు నేను వంటింట్లో నిలబడి తాగా కాబట్టి ఎంత బాగుండేదో నాకొక్కడికే తెలుసు.

బోన్_బాలు
అవును, పాతవాటికి పది నిమిషాలు చాలు. గంటలు గంటలు గాలి కావాల్సింది తులూజ్ గారి 2018 లాంటి పడుచు వాటికి. ఆగలేకపోతే పొద్దున వంచి రాత్రికి తాగి చూడండి, వగరు కొంత దిగుతుంది.

తులూజ్_గోదారి
అలాగే చేశా, ఒకటి పొద్దున ఏడింటికి వంచి రాత్రి తొమ్మిదింటికి తాగాం, మిరియం తక్కువ వేసిన మటన్ కూరతో. వగరుంది గానీ ఈసారి వెనకాల రేగుపండు, కాస్త కోకో కనిపించాయి. మా ఆవిడ గ్లాసు పూర్తి చేసింది. మిగతా పదింటి మెడకీ ఏడాది రాసిన కాగితాలు కట్టి కిందకి దించేశా, ఆఖరిది మా పాప పద్దెనిమిదో పుట్టినరోజుకి, దానికిప్పుడు నాలుగేళ్లు. కోస్ మీదది కదా, అందుకుంటుందంటారా?

లియోన్_లక్ష్మి
పద్నాలుగేళ్లు అంటే అంచు మీద ఉంటుంది. ఆ ఒక్కదానికి మాగ్నమ్ సీసా కొనండి, లీటరున్నర పడుతుంది, పెద్ద సీసాలో నెమ్మదిగా ముదురుతుంది. ఆ పెద్దాయన దగ్గరే ఉండొచ్చు, అడగండి.

తులూజ్_గోదారి
ఫోన్ చేశా. రెండు ఉన్నాయట, ఆదివారం రమ్మన్నాడు.